మూడే ఎందుకని అడిగావు కదమ్మా

అమ్మా,

ఎలా ఉన్నావని అడగొచ్చో లేదో తెలియడం లేదు. నువ్వు వెళ్లిపోయి ఎనిమిది నెలల పదకొండు రోజులైంది. నేను బాగానే ఉన్నాను. పిన్ని బాగానే ఉంది. యార్డుకి పట్టుకెళ్లే నీ నల్ల గొడుగు కూడా బాగానే ఉంది... ఒక పుల్ల విరిగింది. విరిచింది నేనే.

ఈ ఉత్తరం చాలా ముందే రాయాల్సింది. కలం పట్టుకున్న ప్రతిసారీ ఒక సంగతి అడ్డొచ్చేది. అది వదిలేసి మిగతావన్నీ రాస్తే నీకు మళ్లీ అబద్ధం చెప్పినట్టే. రాద్దామంటే సిగ్గు. నిన్న ఒకటి జరిగింది. అందుకని ఇవాళ ఎలాగైనా రాసేద్దామని కూర్చున్నాను.

ఇవాళ ఆదివారం. రాయగడలో పిన్ని వాళ్ల పెరట్లో ఉన్నాను. బాబాయి మున్సిపాలిటీ పంపు దగ్గరికి డ్యూటీకి వెళ్లారు. పిన్ని చోళ్ల గింజలు ఎండబెట్టి, కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టింది. నేను కాకుల్ని చూడటం లేదని తనకి ఇంకా తెలియదు.

పక్కన కాలేజీ ఫారం ఉంది, ఎగిరిపోకుండా దాని మీద డబ్బా మూత పెట్టాను. రేపు కోరాపుట్ వెళ్లి అది ఇచ్చెయ్యాలి. మూడో ఏడాదిలో రెండు పేపర్లలో ఒకటి మనమే ఎంచుకోవాలి. ఒకటి లీనియర్ ప్రోగ్రామింగ్. మార్కులు తేలిగ్గా వస్తాయని అందరూ అదే రాస్తున్నారు. రెండోది నంబర్ థియరీ. ఒకటీ రెండూ మూడూ అని మనం లెక్కపెట్టుకునే మామూలు అంకెలున్నాయి చూడు, వాటి గుణాలేమిటో మొదటి నుంచీ చెప్పే కోర్సు. అది తీసుకుంటున్నది ఇప్పటికి ఏడుగురు.

అది తీసుకోవాలా వద్దా అన్నది వారం నుంచి నన్ను తినేస్తోంది. నవ్వొస్తోందా? ఒక ఫారంలో ఒక టిక్కు పెట్టడానికి ఇంత గొడవా అంటావు. కానీ అమ్మా, ఈ కోర్సు నీదే. అది తెలిశాకే నాకు భయం పట్టుకుంది.

మొదటి నుంచీ చెప్తాను. నీకు తెలిసినవే, అయినా నా నోటితో చెప్పాలి కదా.

నాన్న పోయినప్పుడు నేను మూడో తరగతి. ఆయన బదులు రైల్వే వాళ్లు నీకు ఉద్యోగం ఇచ్చారు, యార్డులో నంబర్లు రాసే పని. గూడ్సు బండి వచ్చి ఆగగానే ఇంజను దగ్గర మొదలుపెట్టి చివర గార్డు పెట్టె దాకా కంకర మీద నడవాలి. ప్రతి పెట్టె ఒంటి మీదా ఉన్న పదకొండంకెల నంబరు ప్యాడ్‌లో రాసుకోవాలి. వెనక్కొచ్చి కంప్యూటర్లో ఎక్కించాలి. చీర కుచ్చిళ్లు పైకి దోపి, మగవాళ్ల బూట్లు వేసుకుని, సంకలో గొడుగు, సంచిలో చోడంబలి సీసా... మా స్కూలు పిల్లలు ఓవర్‌బ్రిడ్జి మీద నుంచి చూసి మీ అమ్మ బండితో మాట్లాడుతోందనేవారు. నంబర్లు పైకి చదువుతూ రాసేదానివి మరి.

ఆ పదకొండో అంకె గురించి నాకు చెప్పింది నువ్వే. ట్రైనింగులో నీకు నేర్పారు. మొదటి పది అంకెల్లో రెండోదీ నాలుగోదీ ఆరోదీ అలా సరి స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో గుణించాలి. దానికి మిగతా అయిదూ కలపాలి. వచ్చిన మొత్తం పై పదికి ఎంత తక్కువైతే అదే చివరి అంకె. రాసేటప్పుడు ఎక్కడైనా ఒక అంకె తప్పితే ఈ లెక్క కుదరదు, కంప్యూటర్ ఒప్పుకోదు. దాన్ని చెక్ డిజిట్ అంటారు, నువ్వు సెక్ అంకె అనేదానివి.

క్వార్టర్ మెట్ల మీద కూర్చుని నా తల దువ్వుతూ నంబర్లు చెప్పేదానివి, చివరి అంకె దాచేసి. నేను చెప్పాలి. ఆలస్యమైతే జడ గట్టిగా లాగేదానివి. తర్వాత ఆట ఇంకా ముదిరింది. ఇనుపరాయి బళ్ల మీద ఎర్రదుమ్ము పట్టి మధ్యలో ఒక అంకె కనిపించదు కదా... మిగతా పదీ చెప్పి, ఆ దుమ్ము తినేసిన అంకె ఏదో కనుక్కోమనేదానివి.

"ఏ అంకె కనపడకపోయినా ఒక్కటే కుదురుతాది అమ్మీ. రెండు కుదరవు. సిత్రం కాదేటి?"

నాకు అప్పుడు చిత్రంగా ఏమీ అనిపించలేదు. ఆకలేస్తోందని గొడవ చేసేదాన్ని.

నేను కోరాపుట్‌లో లెక్కల ఆనర్స్‌లో చేరాక నువ్వు యార్డంతా చెప్పుకున్నావట. చేరిన ఏడాదే, రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారం, ఫోన్ చేశావు. గదిలో మా రూమ్మేట్ ఝునూ ఉంది, లక్ష్మీపూర్ పిల్ల. పక్క గది వాళ్లు ఇద్దరు కూడా మంచం మీద కూర్చుని ఉన్నారు. నువ్వు తిన్నావా అని అడిగి, ఏదో పెద్ద సంగతి అడగబోతున్నట్టు గొంతు సవరించుకున్నావు.

"అమ్మీ, పదేళ్ల నుంచి ఒక అనుమానం. ఇక్కడ ఎవల్నడిగినా రూలంతే అంతారు. నువ్వు లెక్కలు సదువుతన్నావు కదా... ఆ సెక్ అంకెకి మూడుతోనే ఎందుకు గుణిత్తారు? రెండుతో ఎందుకు గుణించరు? మూడే ఎందుకు?"

నాకు తెలియదు.

ఆ రెండు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. నాకు తెలియదమ్మా, అంతే. కానీ ఆ వారమే ఒక పేపర్ తప్పాను. ఆ సంగతి నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. లెక్కల అమ్మాయినని అందరి ముందూ తిరుగుతూ లోపల ఏమీ రానిదాన్నని వణికిపోతున్నాను. అలాంటి సమయంలో, అందరూ వింటుండగా, పదో తరగతి చదివిన మా అమ్మ అడిగిన ప్రశ్నకి తెలియదని ఎలా చెప్పను?

మూడు ప్రైమ్ నంబరు కదమ్మా, అందుకే, అన్నాను. పెద్ద విసుగ్గా అన్నాను కూడా.

"పైమంటే ఏటమ్మీ?"

వేరే ఏ అంకెతోనూ భాగించలేనిది, అలాంటి వాటికే ఆ పట్టు ఉంటుందన్నాను. నువ్వు ఆలోచించావు. నువ్వు ఆలోచిస్తే ఫోన్లో కూడా తెలిసిపోతుంది, గాజులు పైకీ కిందికీ జరుపుతావు.

"మరి రెండు కూడా అంతే కదేటి?"

రెండు సరిసంఖ్య, అది లెక్కలోకి రాదన్నాను. అబద్ధం. రెండు కూడా ప్రైమే, ఆ సంగతి నాకప్పుడే తెలుసు. నువ్వు "అయితే అయిదు..." అని మొదలుపెట్టావు. క్లాసుకి టైమైందని ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు కూడా ఆదివారమే.

నీకు అది తట్టలేదా? ఆదివారం క్లాసేమిటే అని ఎందుకు అడగలేదు?

తర్వాత దసరాకి ఇంటికొస్తే నువ్వు నా మాట యార్డులో అందరికీ చెప్పేశావని తెలిసింది. కొత్తగా చేరిన క్లర్కు పిల్లకి పని నేర్పుతూ కూడా చెప్పావట. మజ్జిగౌరమ్మ గుడి మెట్ల మీద నీ స్నేహితురాలు ఎవరో కనిపిస్తే, నా భుజం మీద చెయ్యేసి, "రైల్వేలో పెద్దోలికి తెలీనిది మా గుంట సెప్పింది" అన్నావు. నాకు అక్కడికక్కడే మెట్ల కింద దూరిపోవాలనిపించింది. చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పుస్తకం తీసి చూసుకోవచ్చు కదా? అదీ చెయ్యలేదు. చూస్తే నా మాట తప్పని తేలుతుందేమోనని భయం.

నువ్వు ఫోన్లో మరో రెండు మూడుసార్లు ఆ మాటెత్తావు.

"అమ్మీ, ఆ మూడు సంగతి మల్లీ ఏటైనా సదివావేటి?"

మళ్లీ ఒకసారి గొప్పగా విని యార్డులో చెప్పుకోవడానికి అడుగుతున్నావనుకున్నాను. చదువు చాలా ఉందమ్మా, తర్వాత చెప్తానన్నాను. ఆ తర్వాత అనేది లేకుండా పోయింది. మాఘంలో మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు నీ గుండె ఆగిపోయింది. నేను ఎక్కిన బండి రాయగడ చేరేసరికి నిన్ను ఇంటికి తెచ్చేశారు.

పన్నెండో రోజున యార్డు వాళ్లు అందరూ వచ్చారు. నీతో మొదటి నుంచీ పనిచేసిన సాహు బాబు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కొత్త క్లర్కు పిల్ల నా పక్కన కూర్చుని, సగం ఒడియాలో సగం తెలుగులో, నువ్వు తనకి పనెలా నేర్పావో చెప్పింది. మూడు ఎందుకో కూడా మీరు చెప్పినదే అమ్మ నాకు చెప్పిందంది. నేను తలూపాను.

అమ్మా, నువ్వు పోయి పన్నెండు రోజులు. విస్తళ్లు ఇంకా ఎత్తలేదు. అప్పుడు కూడా నేను ఆ అబద్ధానికి తలూపాను.

ఇప్పుడు ఈ కోర్సు సంగతి.

పోయిన మంగళవారం మా డిపార్టుమెంటులో రెండు పేపర్ల టీచర్లూ చెరో క్లాసు చెప్పారు, విని ఎంచుకోమని. నంబర్ థియరీ మేడం లోపలికొచ్చి పాఠ్యపుస్తకం తిరగేసి పట్టుకుంది. వెనక అట్ట మీద బార్‌కోడ్ గీతల కింద ఒక నంబరు ఉంటుంది కదా, అది బోర్డు మీద రాసింది. రాసి, ఒక అంకె విడిచి ఒక అంకెని మూడుతో గుణించమంది. మిగతావి కలపమంది. పై పదికి ఎంత తక్కువో చూడమంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అది నీ లెక్క. మన క్వార్టర్ మెట్ల మీది లెక్క. నా జడ ఎవరో లాగినట్టనిపించింది.

అప్పుడు మేడం మా వైపు తిరిగి అడిగింది, మూడే ఎందుకు, రెండు ఎందుకు కాదు అని. అచ్చంగా నువ్వడిగిన ప్రశ్న, అదే వరసలో. ముందు బెంచీ కుర్రాడొకడు మూడు ప్రైమ్ కాబట్టి అన్నాడు. మేడం నవ్వి, అలా అయితే అయిదుతో చెయ్యి చూద్దామంది. నువ్వు కూడా అయిదు అనబోయావు కదమ్మా. నేను ఫోన్ పెట్టేసింది అక్కడే కదా.

తర్వాత మేడం చేసిందల్లా ఎక్కాలు రాయడం. మూడో ఎక్కం రాసి, ప్రతి దాంట్లో చివరి అంకె చుట్టూ సున్నా చుట్టింది. మూడు, ఆరు, తొమ్మిది, రెండు, అయిదు, ఎనిమిది, ఒకటి, నాలుగు, ఏడు, సున్నా. పదీ వేరువేరు. ఒక్కటి కూడా రెండోసారి రాలేదు. అందుకే దుమ్ము కింద ఏ అంకె దాక్కున్నా ఒక్కటే కుదురుతుంది. రెండో ఎక్కం రాసింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, సున్నా... మళ్లీ రెండు, నాలుగు. సగంలోంచి వెనక్కి తిరిగింది. రెండుతో గుణిస్తే దుమ్ము కింద ఒకటి ఉందో ఆరు ఉందో ఎవరూ చెప్పలేరు. అయిదుతో అయితే మరీ ఘోరం. పదిలో రెండూ అయిదూ దాక్కుని ఉన్నాయి, మూడుకి పదితో ఏ చుట్టరికమూ లేదు. అదీ కారణం. ప్రైమ్ అవడానికీ దీనికీ సంబంధం లేదు. తొమ్మిది ప్రైమ్ కాదు, కానీ తొమ్మిదితో కూడా చక్కగా పనవుతుంది.

ఇంతే అమ్మా. మూడో ఎక్కం. రెండో తరగతిలో నువ్వు నాకు స్నానం చేయిస్తూ వల్లె వేయించిన ఎక్కం. నువ్వు పదేళ్లు అడిగిన ప్రశ్నకి జవాబు నీ నోట్లోనే ఉంది, నా నోట్లోనూ ఉంది. ఆ రోజు తెలియదని చెప్పి, ఉండమ్మా చూద్దామని కాగితం తీసి ఉంటే, ఫోన్లోనే పది నిమిషాల్లో ఇద్దరం కలిసి కనిపెట్టేవాళ్లం. ఎంత సంబరపడేదానివో...

తలనొప్పని చెప్పి మధ్యలో బయటికొచ్చేశాను. సాయంత్రం ఝునూ అడిగితే లీనియర్ ప్రోగ్రామింగ్ తీసుకుంటున్నానన్నాను. దానికి హాయి, ఇద్దరం కలిసి చదువుకోవచ్చని. ఫారంలో పెన్సిల్‌తో అదే రాశాను.

వద్దనుకోవడానికి నా దగ్గర కారణాలు బోలెడు. ఒకసారి తప్పినదాన్ని, మళ్లీ తప్పుతానేమో. ఏడుగురే ఉన్న క్లాసులో దాక్కోవడానికి చోటుండదు. రోజూ బోర్డు మీద ఏదో ఒక లెక్క వస్తుంది, దాని వెనక నువ్వు గొంతు సవరించుకుంటావు. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పుకోవడం కష్టం... ఈ కోర్సు తీసుకుని నీ పేరు మీద నాలుగు కన్నీళ్లు కార్చి, మంచి కూతుర్ని అయిపోయానని నన్ను నేను మోసం చేసుకుంటానేమో. నిన్ను మోసం చేసినదానికి నన్ను చేసుకోవడం ఎంతసేపు?

ఫారం మీద ఇంటి పెద్ద సంతకం కావాలి. ఇదివరకు నువ్వు తెలుగులో గుండ్రంగా చేసేదానివి, ఆఫీసులో గుమాస్తా ఇదేం లిపి అని అడిగేవాడు. ఇప్పుడు పిన్ని చెయ్యాలి. అందుకని శుక్రవారం పాసింజరు ఎక్కాను.

సొరంగాలు దాటి లక్ష్మీపూర్ రోడ్డు స్టేషన్లో బండి ఆపేశారు, ఎదురుగా గూడ్సు రావాలట. అది కూడా మెల్లగా వచ్చి మా పక్కనే ఆగింది. కిటికీకి ఎదురుగా ఒక పెట్టె. నిండా ఎర్రదుమ్ము. నంబరులో ఆరో అంకె కనిపించడం లేదు. నేనేమీ అనుకోలేదమ్మా, నిజంగా. నా పెదాలు వాటంతట అవే కదిలాయి. ఏడు అని బయటికే అన్నాను. ఎదురుగా చోళ్ల బస్తా మీద కూర్చున్న ముసలమ్మ, పిచ్చిదాన్ననుకుందో ఏమో, నా వైపు చూసి కాళ్లు దగ్గరికి తీసుకుంది.

రాయగడ దాకా మరి ఏదీ ఆలోచించలేకపోయాను. కోర్సు తీసుకోనీ, మానుకోనీ... ముందు యార్డుకి వెళ్లి ఆ మాట తప్పని చెప్పాలి. లేకపోతే ఆ క్లర్కు పిల్ల రేపు ఇంకొకరికి నేర్పుతుంది. నీ పేరు చెప్పి నేర్పుతుంది. నా సిగ్గు కోసం నీ పేరు తప్పవుతుందా?

నిన్న ఉదయం వెళ్లాను. నీ గొడుగు వేసుకుని వెళ్లాను, పుల్ల అప్పుడే విరిగింది, గేటుకి తగిలి. గదిలో సాహు బాబు ఉన్నాడు, కొత్త పిల్ల ఉంది. నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, దాని మీద పాత ప్యాడ్లు పెట్టుకున్నారు. నన్ను చూసి సాహు బాబు టీ తెప్పిస్తానన్నాడు. వద్దని, నిలబడే చెప్పేశాను. మా అమ్మకి నేను చెప్పింది తప్పు, తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను, ప్రైమ్ అని కాదు కారణం, అని. సుద్దముక్క అడిగి నేల మీద ఎక్కాలు రాసి చూపించాను. కొత్త పిల్ల నోరు తెరిచి చూసింది. సాహు బాబు నవ్వలేదు, కోప్పడలేదు. లేచి కుర్చీ మీది ప్యాడ్లు తీసి కింద పెట్టి, నీ కుర్చీ నా వైపు జరిపి కూర్చోమన్నాడు.

తర్వాత చెప్పాడు.

ఆ దసరా వెళ్లిన నెలలోపే నువ్వు కనిపెట్టేశావట. మధ్యాహ్నం బళ్లు లేనప్పుడు పాత ప్యాడ్లు ముందేసుకుని, బొటనవేలితో ఒక అంకె మూసి, రెండుతో చేసి చూశావట. రెండు అంకెలు కుదురుతున్నాయని గమనించావు. అయిదుతో చేశావు, ఏడుతో చేశావు. తొమ్మిదితో కూడా చేసి, తొమ్మిది పైమ్ కాదు కదా, అయినా పట్టేస్తోందే అన్నావట. అప్పటి నుంచి నా జవాబు ఎవరికీ చెప్పడం మానేశావట. అది తప్పని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొత్త పిల్లకి నేర్పింది అంతకు ముందు.

సాహు బాబు ఉండబట్టలేక, మీ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అన్నాడట. దానికి నువ్వన్న మాట ఆయన మన యాసలోనే చెప్పాడు. ఒడియా ఆయన నోట మన యాస... నీ గొంతే వచ్చినట్టుంది.

"మా గుంట తొందర్లో ఏదో సెప్పీసింది బాబూ. తప్పని నాను సెప్పను, సిన్నబోతాది. తెలిసిన్నాడు అదే వస్తాది. అది వచ్చినప్పుడు మీరెవలూ నవ్వకండి."

ఆయన నవ్వలేదమ్మా. నువ్వు చెప్పినట్టే చేశాడు.

నాకు ఏడుపు కూడా రాలేదు. చెవుల్లోంచి వేడి వచ్చింది. ఆ మూడు సంగతి మళ్లీ ఏమైనా చదివావా అని నువ్వు ఫోన్లో అడిగింది గొప్ప కోసం కాదన్నమాట. దిద్దుకోవడానికి చోటిచ్చావు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు ఇచ్చావు. నేను ప్రతిసారీ చదువు చాలా ఉందన్నాను. ఆదివారం క్లాసు సంగతి కూడా నీకు తట్టే ఉంటుంది. పేపర్ తప్పిన సంగతి కూడా తెలుసా? అది కూడా తెలిసే ఊరుకున్నావా? నీ పక్కన కూర్చుని అన్నం తింటూ నేను మోసం చేస్తున్నాననుకున్నాను... నువ్వు నా సిగ్గు కాపాడుతూ కూర్చున్నావు.

అక్కడితో అయిపోలేదు. సాహు బాబు ఇనప బీరువా తెరిచి తలుపు లోపలి వైపు చూపించాడు. సుద్దముక్కతో నీ రాత. తుడవడానికి మనసు రాలేదన్నాడు. 16, దాని ఎదురుగా 61. దాని కింద 27, 72. ఇంకా కింద 38, 83. అంతే. పక్కన ఒక ప్రశ్న గుర్తు, నీ లాగే కాస్త వెనక్కి వాలి ఉంది.

ఒకసారి ఒక పెట్టె నంబరులో పక్కపక్క అంకెలు తారుమారుగా రాశావట, పదహారుకి బదులు అరవై ఒకటి. సెక్ అంకె అలాంటివి పట్టుకోవాలి కదా. పట్టుకోలేదు. కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసేసుకుంది. రెండు రోజులు ఆ పెట్టె ఎక్కడుందో తెలియక పైనుంచి నీకు మాట వచ్చిందట. వేరే అంకెలు తారుమారు చేస్తే పట్టుకుంటోంది, ఇవి మాత్రం దాటిపోతున్నాయి... ఎందుకా అని కూర్చుని, అలాంటి జతలు వెతికి రాసుకున్నావు.

నన్నడగమని సాహు బాబు అంటే ఏమన్నావో అది కూడా చెప్పాడు, కాస్త మొహమాటపడుతూ.

"ఇప్పుడు కాదు బాబూ. తెలీకపోతే మల్లీ ఏదో ఒకటి సెప్పీగలదు."

ఈసారి ఆయనకి కొంచెం నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. నీ కుర్చీలో కూర్చుని, నీ గొడుగు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. కొత్త పిల్ల మంచినీళ్లు తెచ్చింది.

నిన్నటి నుంచీ ఆ అంకెల కేసే చూస్తున్నాను. తలుపు మీదివి అరచేతిలో రాసుకొచ్చాను, పొద్దున అంట్లు తోముతుంటే చెరిగిపోయాయి, మళ్లీ ఫారం వెనక రాసుకున్నాను. ఒకటీ ఆరూ, రెండూ ఏడూ, మూడూ ఎనిమిదీ. ఏదో ఉంది. దగ్గర దగ్గరగా వస్తోంది, అందడం లేదు. మేడంని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది. ఫోన్లో వెతికినా దొరుకుతుంది. వెతకను. నువ్వు ఎవరినీ అడక్కుండా బొటనవేలు అడ్డం పెట్టుకుని కనిపెట్టావు కదా.

ఇందాక పెన్సిల్ రాత చెరిపేశాను. కాగితం కొంచెం చిరిగింది. నంబర్ థియరీ అని పెన్నుతో రాశాను. పిన్ని వచ్చి, అది కష్టమటే, తప్పితే ఏం చేస్తావంది. తప్పితే ఇంటికొచ్చి తప్పానని చెప్తానన్నాను. అదేం జవాబని గొణుక్కుంటూ సంతకం చేసి, చోళ్ల మీద కాకులు వాలాయని నన్ను తిట్టి వెళ్లింది.

ఇది తీసుకుంటే నీకు చేసింది తీరిపోతుందని నేను అనుకోవడం లేదు. సిగ్గు పోలేదమ్మా. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువుంది. ఉండనీ. సిగ్గుతోనే ఆ ఏడుగురి పక్కన ఎనిమిదో దానిగా కూర్చుంటాను.

ఒక్క మాట. నువ్వు అడగడం మానేసిన ప్రశ్నని ఇప్పుడు అడిగావనే అనుకుంటున్నాను. గొంతు సవరించుకున్నావు. గాజులు పైకి జరిపావు. పదహారూ అరవై ఒకటీ ఎందుకు దాటిపోతున్నాయమ్మీ అన్నావు. చుట్టూ ఎవరున్నా సరే, ఈసారి ఫోన్ పెట్టెయ్యను.

నాకు తెలియదమ్మా.

ఇంకా తెలియదు. తెలుసుకున్న రోజు బీరువా తలుపు మీద నీ రాత కింద రాస్తాను. నవ్వాలనుంటే అప్పుడు అందర్నీ నవ్వమను.

నీ గుంట